ఇంటి చిమ్నీ: కట్టెల ఇన్సర్టు, బాయిలరు పొగదారులు

చలి దేశాల ఇళ్లలో గదిని వెచ్చబరచడానికి కట్టెల ఇన్సర్టును, ఇల్లంతటికీ వేడినీళ్లు పంపడానికి బాయిలరును వాడతారు. రెండింటిలోనూ ఇంధనం మండుతుంది కనుక రెండింటికీ పొగ పోయే దారి కావాలి. ఇంటికున్న ఒకే చిమ్నీ ద్వారా ఈ రెంటి పొగనూ బయటికి పంపే పద్ధతులు, అందులోని ప్రమాదాలు, వివిధ దేశాల నియమాలు ఈ వ్యాస విషయం. ఉదాహరణలు ఎక్కువగా అమెరికా ఈశాన్య ప్రాంతమైన న్యూ ఇంగ్లండ్‌వి. నేలమాళిగలో చమురు బాయిలరు, దాని పై అంతస్తు హాల్లో నిప్పుగూడు, రెండింటికీ కలిపి ఒకే ఇటుక చిమ్నీ ఉండటం అక్కడి పాత ఇళ్లలో సర్వసాధారణం.

నిర్వచనాలు

చిమ్నీ అంటే ఇంటి కప్పు దాటి పైకి కనిపించే మొత్తం కట్టడం. దాని లోపల పొగ ప్రయాణించే నిలువు మార్గం పొగదారి. ఒక చిమ్నీలో ఒకే పొగదారి ఉండవచ్చు, నాలుగైదు కూడా ఉండవచ్చు. ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్లే చాలా అపోహలు పుడతాయి. ‘రెండు పరికరాలను ఒకే చిమ్నీకి కలపవచ్చా?’ అన్న ప్రశ్నకు జవాబు అందులో ఎన్ని పొగదారులున్నాయన్న దాని మీదే ఆధారపడుతుంది.

ఇన్సర్టు అనేది పాత నిప్పుగూటిలో పట్టేలా తయారుచేసిన పోత ఇనుము లేదా ఉక్కు పెట్టె. ముందు గాజు తలుపు, కింద గాలి వచ్చే రంధ్రాలు, పైన పొగ బయటికి పోయే గుండ్రటి మెడ ఉంటాయి. తలుపు మూసి ఉంచి గాలిని అదుపు చేయడం వల్ల కట్టెలు నిదానంగా, పూర్తిగా మండుతాయి. తెరిచి ఉన్న నిప్పుగూడు కట్టెల వేడిలో దాదాపు పదో వంతు మాత్రమే గదికి ఇవ్వగలదు. మంచి ఇన్సర్టు 65 నుంచి 80 శాతం దాకా ఇస్తుంది.

ఇక్కడ బాయిలరు అంటే ఆవిరి యంత్రపు బాయిలరు కాదు. చమురు, గ్యాస్, కట్టె లేదా పెల్లెట్లతో నీటిని కాచి, గొట్టాల ద్వారా ప్రతి గదిలోని రేడియేటర్లకు పంపే గృహోపకరణం. కొన్ని పాత ఇళ్లలో అది నీటి బదులు ఆవిరినే పంపుతుంది.

చరిత్ర

మధ్యయుగపు ఐరోపా ఇళ్లలో మంట గది నడుమ నేల మీదే ఉండేది. పొగ కప్పులోని కంత గుండా పోయేది. గోడలోకి జరిగిన నిప్పుగూడు, దాని మీద నిలువు చిమ్నీ 12వ శతాబ్దం నుంచి కోటల్లో కనిపిస్తాయి. ఇంగ్లండులోని కానిస్‌బరో కోటలో 1180ల నాటి నిప్పుగూళ్లను ఇప్పటికీ చూడవచ్చు. సామాన్యుల ఇళ్లకు చిమ్నీ చేరడానికి మరో నాలుగు శతాబ్దాలు పట్టింది. 1662లో ఇంగ్లండు ప్రభుత్వం ఇంట్లోని నిప్పుగూళ్ల లెక్కన పన్ను విధించిందంటే అప్పటికి అవి ఎంతగా వ్యాపించాయో తెలుస్తుంది. 1689లో ఆ పన్ను రద్దయింది.

నిప్పుగూటి పనితీరును శాస్త్రీయంగా మెరుగుపరచిన వారిలో ఇద్దరు ముఖ్యులు. 1740లలో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ నిప్పుగూటిలో అమర్చే ఇనుప పొయ్యిని రూపొందించాడు. నేటి ఇన్సర్టుకు అది పూర్వీకురాలు. ఆయన మొదటి నమూనాలో పొగ ఒకసారి కిందికి దిగి మళ్లీ పైకి పోవాల్సి వచ్చేది. అందువల్ల అది సరిగా లాగేది కాదు. తర్వాతివారు దాన్ని సవరించారు. 1796లో కౌంట్ రమ్‌ఫర్డ్‌గా పేరొందిన బెంజమిన్ థాంప్సన్ నిప్పుగూటి లోతు తగ్గించి, పక్క గోడలను ఏటవాలు చేసి, పొగ పైకెక్కే గొంతును ఇరుకు చేయాలని ప్రతిపాదించాడు. లండన్ ఇళ్లలో పొగ బాధ తగ్గించిన మార్పు అది.

చిమ్నీల చరిత్రలో దాచకూడని అధ్యాయం ఒకటుంది. ఇరుకైన పొగదారుల్లోకి చిన్నపిల్లలను ఎక్కించి మసి గీకించేవారు. ఐదారేళ్ల పిల్లలు కూడా ఆ పనిలో ఉండేవారు. 1775లో పర్సివల్ పాట్ అనే లండన్ శస్త్రవైద్యుడు, చిమ్నీ మసి అంటుకుని ఉండటం వల్ల ఆ పనివారికి వృషణాల తిత్తికి క్యాన్సర్ వస్తోందని రాశాడు. వృత్తి వల్ల క్యాన్సర్ వస్తుందని నమోదైన తొలి సందర్భాల్లో అది ఒకటి. 1788 నుంచి వరుసగా చట్టాలు వచ్చినా అమలు కాలేదు. 1875 చట్టం చిమ్నీ పనివారికి లైసెన్సు తప్పనిసరి చేసి, ఆ అమలును పోలీసులకు అప్పగించాకే పిల్లలకు ఆ చెర తప్పింది.

19వ శతాబ్దంలో బొగ్గు బాయిలర్లు నేలమాళిగల్లోకి చేరాయి. 20వ శతాబ్దం నడుమ చాలా ఇళ్లలో బొగ్గు పోయి చమురు, గ్యాస్ వచ్చాయి. చిమ్నీలు మాత్రం బొగ్గు కాలానివే మిగిలాయి. 1973లో చమురు ధరలు అమాంతం పెరిగినప్పుడు న్యూ ఇంగ్లండ్ ప్రజలు పెద్ద సంఖ్యలో మళ్లీ కట్టెల వైపు మళ్లారు. నిప్పుగూట్లోకి ఇన్సర్టును తోసి, దాని మెడకు ఏ గొట్టమూ తగిలించకుండా వదిలేయడం, నేలమాళిగలో కొత్త కట్టెల పొయ్యిని ఉన్న బాయిలరు దారికే కలపడం ఆ ఏళ్లలో విరివిగా జరిగాయి. నేటి కట్టుదిట్టమైన నియమాలకు ఆ అనుభవం ఒక ప్రధాన కారణం.

పొగ పైకి పోయే తీరు

వేడి వాయువు చల్లని గాలి కన్నా తేలిక. పొగదారిలోని వేడి వాయు స్తంభానికీ, బయట అంతే ఎత్తున్న చల్లని గాలి స్తంభానికీ మధ్య ఉండే బరువు తేడాయే పొగను పైకి లాగుతుంది. దీన్నే చిమ్నీ లాగుడు అంటారు. ఆ తేడా చాలా స్వల్పం. ఆరు మీటర్ల ఎత్తున్న పొగదారిలో వాయువు 200 డిగ్రీల సెల్సియస్ ఉండి, బయట సున్నా డిగ్రీలున్నప్పుడు సిద్ధాంతరీత్యా వచ్చే లాగుడు సుమారు 32 పాస్కల్స్. వాతావరణ పీడనంలో అది మూడు వేలవ వంతు మాత్రమే. పొగ 80 డిగ్రీలకు చల్లబడితే లాగుడు దాదాపు 17 పాస్కల్స్‌కు పడిపోతుంది. బయట 20 డిగ్రీలున్న రోజున అదే పొగకు సుమారు 12 పాస్కల్సే మిగులుతాయి. గోడల రాపిడికీ మలుపులకూ పోయేది ఇంకా తీసెయ్యాలి. ఐరోపా ప్రయోగశాలల్లో కట్టెల పొయ్యిలను పరీక్షించేది దాదాపు 12 పాస్కల్స్ లాగుడు దగ్గరే. అంటే చిమ్నీ పనిచేయడానికీ, పొగ ఇంట్లోకి తన్నడానికీ మధ్య ఉన్న అవకాశం ఎంత సన్ననిదో గ్రహించవచ్చు.

లాగుడును నిర్ణయించేవి ఎత్తు, వేడి, పొగదారి వైశాల్యం, బిగువు. ఇంటి మధ్యలో లేచే చిమ్నీ వెచ్చగా ఉండి బాగా లాగుతుంది. బయటి గోడకు ఆనించి కట్టిన చిమ్నీ మూడు పక్కల చలికి గురై బద్ధకిస్తుంది. పొగదారి మరీ పెద్దదైతే పొగ అందులో నెమ్మదించి, చల్లబడి, గోడలకు అంటుకుంటుంది.

పరికరాలు, వాటి పొగ స్వభావం

కట్టెల ఇన్సర్టు పొగ ఒక్క తీరుగా ఉండదు. మంట జోరుగా ఉన్నప్పుడు వేడిగా, పలచగా ఉంటుంది. గాలి బాగా మూసి రాత్రంతా నిలిపి ఉంచితే చల్లగా, తేమతో, తారుతో నిండి ఉంటుంది. చివర నిప్పు కణికలు మాత్రమే మిగిలినప్పుడు పొగ కంటికి కనిపించదు. కానీ కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా వెలువడేది అప్పుడే, చిమ్నీ చల్లారి లాగుడు తగ్గేదీ అప్పుడే.

సాధారణ చమురు బాయిలరు మాత్రం దఫదఫాలుగా పనిచేస్తుంది. థర్మోస్టాట్ కోరినప్పుడు బర్నరు ఒక్కసారిగా అంటుకుని, కొన్ని నిమిషాలు మండి, ఆగిపోతుంది. దాని పొగలో గంధకపు ఆమ్లాలుంటాయి. పాత తరహా గ్యాస్ బాయిలరు పొగ చల్లన, నీటి ఆవిరి ఎక్కువ. దాని పొగగొట్టం మొదట్లో గదిలోకి తెరుచుకుని ఉండే గొడుగులాంటి భాగం ఉంటుంది. కండెన్సింగ్ బాయిలర్లు మరో జాతి. అవి పొగలోని ఆవిరిని నీరుగా మార్చి ఆ వేడిని కూడా రాబడతాయి. వాటి పొగ చేతికి వెచ్చగా తగిలేంత చల్లగా ఉంటుంది కనుక సొంతంగా పైకి లేవలేదు. ఫ్యాను దాన్ని నెడుతుంది. ఆ నెట్టుడు పీడనాన్ని మామూలు ఇటుక పొగదారిలోకి ఎట్టి పరిస్థితుల్లోనూ వదలరు. ప్రత్యేక ప్లాస్టిక్ లేదా తుప్పు పట్టని లోహపు గొట్టం ద్వారా పక్క గోడ నుంచి గానీ, పాత చిమ్నీ లోపల ఆ గొట్టాన్నే దించి గానీ పంపుతారు.

ఐర్లండ్, బ్రిటన్, పోలండ్ వంటి చోట్ల ఇన్సర్టు, బాయిలరు ఒకటే అయిన రకం కూడా ఉంది. పొయ్యి వెనుక నీటి పెట్టె ఉండి రేడియేటర్లకు వేడినీళ్లు అందిస్తుంది. దీనికి ఒక పొగదారి చాలు. దీంతో పాటు విడిగా చమురు బాయిలరు కూడా ఉంటే రెండింటి నీటి గొట్టాలను కలపవచ్చు, పొగదారులను కాదు. వాడకం మానేసి, నీరు తీసేసి, మూతలు బిగించి వదిలేసిన పాత నీటి పెట్టె ముందు మంట వేయడం ప్రాణాంతకం. లోపల మిగిలిన తేమ ఆవిరై పెట్టె పేలగలదు.

ఒకే పొగదారికి రెండూ కలిపితే

ఇంటి యజమాని అడిగే ప్రశ్న సహజమైనదే: బాయిలరు నడిచేటప్పుడు ఇన్సర్టు వాడను, రెండూ ఒకే దారిలో పోతే ఏం? రెండూ ఒకేసారి నడవకపోయినా ఈ కలయిక పనికిరాదు. కారణాలు చమురు బాయిలరు దగ్గరే మొదలవుతాయి.

నేలమాళిగలో బాయిలరు వెనుక నుంచి చిమ్నీకి పోయే గొట్టం మీద ఒక గుండ్రటి రేకు తలుపు వేలాడుతుంటుంది. దాని అంచున చిన్న బరువు ఉంటుంది. చిమ్నీ ఎక్కువగా లాగినప్పుడు ఆ తలుపు లోపలికి ఊగి, గది గాలిని కొంత పొగదారిలోకి పోనిచ్చి లాగుడును సమం చేస్తుంది. చమురు బర్నరుకు ఇది అవసరమైన ఏర్పాటు. అదే దారిలో ఇన్సర్టు కూడా ఉంటే ఈ తలుపు గుండా చల్లని గాలి నిరంతరం చేరి కట్టెల పొగను చల్లార్చుతుంది. చల్లారిన పొగ తారుగా గోడలకు పేరుకుంటుంది. ఆ తారు ఏదో ఒక రాత్రి అంటుకుంటే చిమ్నీ లాగుడు ఎన్నో రెట్లు పెరుగుతుంది. అప్పుడు ఆ తలుపు బార్లా తెరుచుకుని మంటకు కావలసినంత గాలిని అందిస్తుంది. ఇన్సర్టు తలుపు మూసినా ఫలితం ఉండదు.

రెండో ప్రమాదం ఎదురు దిశలోది. బర్నరు అంటుకున్న మొదటి క్షణాల్లో పొగదారిలోకి ఒక్కసారిగా వాయువు వచ్చి పడుతుంది. దారి చల్లగా ఉంటే అది పైకి పోలేక దగ్గరి రంధ్రం వెతుక్కుంటుంది. పై అంతస్తులోని ఇన్సర్టు ఆ రంధ్రం. అలాగే ఇన్సర్టులో కణికలు ఆరిపోతున్న వేళ వెలువడే కార్బన్ మోనాక్సైడ్ బాయిలరు వైపు నుంచి నేలమాళిగలోకి దిగవచ్చు. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు మించిన బలంతో పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవారికి మేలుకునే అవకాశం కూడా ఇవ్వదు.

కొలతలు కూడా పొసగవు. ఒకే సమయంలో రెండింటికీ సరిపోయే దారి ఒక్కటి మండేటప్పుడు మరీ పెద్దదవుతుంది. పైగా కట్టెల మసి పెళ్లలు రాలి అడుగున చేరితే బాయిలరు గొట్టం నోరు మూసుకుపోతుంది. బాయిలరు మాత్రం తన సమయానికి తాను అంటుకుంటూనే ఉంటుంది.

నియమాలు

అమెరికాలో చిమ్నీలకు ఆధారగ్రంథం ఎన్.ఎఫ్.పి.ఏ. 211 ప్రమాణం. ప్రత్యేకంగా పరీక్షించి ఆమోదించిన పరికరమైతే తప్ప ఘన ఇంధనపు పరికరాన్ని మరో పరికరం వాడుతున్న పొగదారికి కలపకూడదన్నది దాని నియమం. అంతర్జాతీయ మెకానికల్ కోడ్ అనే నమూనా నిబంధనావళి కూడా ఇదే చెబుతుంది. సహజ లాగుడుతో పనిచేసే చమురు, గ్యాస్ పరికరాలు రెండింటిని కొన్ని షరతులతో ఒకే దారికి కలపవచ్చు. అప్పుడు చిన్న గొట్టం పైన, పెద్దది కింద చేరాలి. కట్టెలకు ఆ వెసులుబాటు లేదు.

ఇంగ్లండులో భవన నిబంధనల ‘జె’ పత్రం ప్రతి ఘన ఇంధన పరికరానికి సొంత పొగదారి ఉండాలంటుంది. కొత్తగా ఘన ఇంధన పరికరం బిగించిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలన్న నియమం అక్కడ 2010లో వచ్చింది.

జర్మనీ తీరు కొంత వేరు. అక్కడ ఒకటి కన్నా ఎక్కువ పరికరాలను ఒకే దారికి కలపడాన్ని పూర్తిగా నిషేధించలేదు. ఈ.ఎన్. 13384-2 అనే ఐరోపా ప్రమాణం అటువంటి చిమ్నీల లెక్కలకే ఉద్దేశించింది. పరికరాల రకం, తలుపు తనంతట తాను మూసుకునే ఏర్పాటు, లాగుడు లెక్క అన్నీ చూసి, జిల్లా చిమ్నీ అధికారి ఆమోదించాకే వాడాలి. చిమ్నీ పనివారికి జిల్లాల వారీ గుత్తాధిపత్యం 2013 ఆరంభంతో చాలా వరకు ముగిసినా, ఈ ఆమోదం, నిర్ణీత తనిఖీ మాత్రం అధికారిక హోదా ఉన్నవారి చేతుల్లోనే ఉన్నాయి. లెక్క, తనిఖీ రెండూ అంత పకడ్బందీగా జరిగే చోట ఆ విధానం నిలుస్తుంది. అవి లేని చోట దాన్ని ఉదాహరణగా చూపడం తగదు.

లైనర్లు, కొలతలు

పొగదారి లోపలి పొరను లైనరు అంటారు. పాత చిమ్నీల్లో అది లేనే లేదు, వట్టి ఇటుక మాత్రమే. తర్వాతి కాలం వాటిలో ఒకదాని మీద ఒకటి పేర్చిన కాల్చిన మట్టి పెంకులు ఉంటాయి. చమురు పొగలోని ఆమ్లం వాటి అతుకులను తినేస్తుంది. ఒక చిమ్నీ మంట వస్తే పెంకులు నిలువునా చీలుతాయి. పక్కపక్కనే ఉన్న రెండు పొగదారుల మధ్య గోడ అలా చెడితే రెండు దారులున్నా ఒక్కటిగానే పనిచేస్తాయి. ఒక దారి పొగ మరో దారిలోకి, అక్కడి నుంచి గదిలోకి చేరుతుంది.

కొలత విషయంలో ఎన్.ఎఫ్.పి.ఏ. 211 స్పష్టమైన హద్దు పెట్టింది. పొగదారి వైశాల్యం పరికరపు మెడ వైశాల్యం కన్నా తక్కువ ఉండకూడదు. చిమ్నీ పూర్తిగా ఇంటి లోపల ఉంటే మూడు రెట్లకు, ఒక్క గోడైనా బయటి చలికి తగులుతుంటే రెండు రెట్లకు మించకూడదు. ఇన్సర్టు మెడ సాధారణంగా 6 అంగుళాల వ్యాసం, అంటే సుమారు 28 చదరపు అంగుళాలు. పాత నిప్పుగూటి దారి 12 అంగుళాల చదరమైతే 144 చదరపు అంగుళాలు, ఐదు రెట్లు. అందుకే ఇన్సర్టు పెట్టే ప్రతిచోటా దాదాపుగా కొత్త లైనరు అవసరమవుతుంది.

ఆ పని ఇలా సాగుతుంది. ముందు దారిని పూర్తిగా గీకి మసి దించుతారు. నిప్పుగూటి గొంతులో దారిని మూసే ఇనుప రేకును (డాంపరును) తీసేస్తారు లేదా కోస్తారు. వంగే స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టానికి సెరామిక్ పీచు దుప్పటి చుట్టి, దాని మీద ఉక్కు వల తొడిగి, కొసకు శంకువు బిగించి తాడు కడతారు. ఒకరు కప్పు మీద నిలబడి దింపుతుంటే ఒకరు కింద తాడు పట్టి లాగుతారు. కింది కొస ఇన్సర్టు మెడకు మరలతో బిగుస్తుంది. గొంతు దగ్గర రేకు అడ్డం పెట్టి, వేడి వృథాగా పైకి పోకుండా మూస్తారు. చిమ్నీ తలపై పలక, వాన టోపీ వస్తాయి. కట్టెలకు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు వాడతారు. గ్యాస్ పరికరాలకు వేసే అల్యూమినియం లైనరు 660 డిగ్రీల వద్ద కరిగిపోతుంది. చిమ్నీ మంట 1,000 డిగ్రీలు దాటగలదు కనుక కట్టెలకు అది పనికిరాదు.

చిమ్నీ ఎత్తుకు అమెరికాలో వాడుకలో ఉన్న కొలత: కప్పును దాటే చోట నుంచి కనీసం 3 అడుగులు, చుట్టూ 10 అడుగుల లోపు ఉన్న ఏ భాగం కన్నా కూడా 2 అడుగులు ఎత్తు ఉండాలి. రెండు దారులు ఒకే చిమ్నీలో ముగిసేటప్పుడు వాటి నోళ్లను ఒకే ఎత్తులో ఉంచితే, ఒక దారిలోంచి వచ్చిన పొగను పక్కన చల్లగా ఉన్న దారి కిందికి పీల్చుకోగలదు. ఒకదాన్ని మరొకదాని కన్నా కొన్ని అంగుళాలు పైకి లేపడం దీనికి సులువైన మందు. కప్పు మీదికి ఎలాగూ ఎక్కిన పనివాడు అప్పుడే చేయదగిన పని ఇది.

ఇటుక చిమ్నీకీ, కప్పు దూలాల వంటి చెక్క భాగాలకూ మధ్య ఇంటి లోపలైతే 2 అంగుళాలు, బయటి గోడ చిమ్నీకి 1 అంగుళం ఖాళీ వదలాలి. ఏళ్ల తరబడి వేడి తగిలిన చెక్క మామూలు కన్నా తక్కువ వేడికే అంటుకుంటుంది.

ఇంటి గాలి

మండే పరికరానికి పొగదారితో పాటు గాలి కావాలి. బిగువుగా కట్టిన నేటి ఇళ్లలో వంటగది ఎగ్జాస్ట్, స్నానాల గది ఫ్యాను, బట్టలారబెట్టే యంత్రం కలిసి ఇంట్లోని గాలిని బయటికి నెడుతుంటాయి. ఆ లోటును ఇల్లు ఎక్కడి నుంచో పూడ్చుకోవాలి. ఆరిపోయిన ఇన్సర్టు దారి అందుకు తేలికైన మార్గమవుతుంది. పొగదారులు వేరుగా ఉన్నా ఈ చిక్కు తప్పదు. ఇన్సర్టు జోరుగా మండుతూ గాలి లాగేస్తే నేలమాళిగలోని గ్యాస్ బాయిలరు పొగ గదిలోకి తిరగవచ్చు. ఇంట్లోని ఫ్యాన్లన్నీ వేసి, తలుపులు మూసి, బాయిలరు మొదలెట్టి, దాని గొడుగు అంచున పొగ పుల్ల పట్టి అది ఎటు వంగుతుందో చూడటం వాడుకలో ఉన్న పరీక్ష. పొగ లోపలికి వంగితే సరి, గదిలోకి వస్తే గాలి చాలడం లేదని అర్థం. బయటి నుంచి పరికరానికి నేరుగా గాలి గొట్టం వేయడం దీనికి పరిష్కారం.

ఇంకో చిక్కు బాయిలరు మార్పిడితో వస్తుంది. పాత బాయిలరు, నీళ్లు కాచే గ్యాస్ హీటరు రెండూ ఒకే దారిలో ఉండేవి. బాయిలరు తీసి కండెన్సింగ్ రకం పెట్టి దాని పొగను పక్క గోడకు పంపితే, చిన్న హీటరు ఒంటరిగా పెద్ద చల్లని దారిలో మిగులుతుంది. దాని ఆవిరి గోడల్లోనే నీరై ఇటుకను నానబెడుతుంది. మిగిలిన దానికి కూడా సరైన కొలత లైనరు వేయడం ఆ పనిలో భాగమే.

తారు, చిమ్నీ మంట

కట్టెల పొగ సుమారు 120 డిగ్రీల కన్నా చల్లబడినప్పుడు అందులోని తారు ఆవిరి గోడలకు పట్టుకుంటుంది. దీని పేరు క్రియోసోట్. మొదట బ్రష్షుకు రాలే మసిలా, తర్వాత పెళుసు పెంకుల్లా, చివరికి గాజులా మెరిసే గట్టి పూతలా మారుతుంది. చివరి దశకు చేరితే మామూలు బ్రష్షు దాన్ని ఏమీ చేయలేదు. అది అంటుకున్నప్పుడు చిమ్నీలోంచి రైలు వెళ్తున్నంత హోరు వినిపిస్తుంది, నోటి నుంచి నిప్పురవ్వలు ఎగుస్తాయి. చాలాసార్లు చప్పుడే లేకుండా, ఇంట్లోవారికి తెలియకుండానే కాలి ఆరిపోతుంది. పెంకులు చీలిన సంగతి తర్వాతి తనిఖీలో బయటపడుతుంది.

నివారణలో సగం కట్టెల్లోనే ఉంది. పచ్చి కట్టెలో దాదాపు సగం బరువు నీరే. చీల్చి, గాలి ఆడేలా పేర్చి, పైన మాత్రమే కప్పి ఏడాది నుంచి రెండేళ్లు ఆరబెడితే తేమ 20 శాతం లోపుకు వస్తుంది. ఇంగ్లండులో 2021 మే నుంచి రెండు ఘనపు మీటర్ల లోపు పరిమాణంలో అమ్మే కట్టెల్లో తేమ 20 శాతం మించకూడదు.

పర్యావరణం

1952 డిసెంబరులో లండన్‌ను కమ్మిన పొగమంచు వేల మందిని బలిగొన్నాక 1956లో బ్రిటన్ స్వచ్ఛ వాయు చట్టం తెచ్చి పొగ నియంత్రణ ప్రాంతాలను ఏర్పరచింది. అమెరికా పర్యావరణ సంస్థ 1988లో కట్టెల పొయ్యిలకు తొలి పరిమితులు విధించింది. 2020 నుంచి ఆ హద్దు గంటకు 2 గ్రాముల సూక్ష్మ ధూళి, అసలు కట్టెలతో పరీక్షిస్తే 2.5 గ్రాములు. ఐరోపా సమాఖ్యలో కట్టె వంటి ఘన ఇంధనపు బాయిలర్లకు 2020 నుంచి, గది పొయ్యిలు, ఇన్సర్టులకు 2022 నుంచి కొత్త ప్రమాణాలు అమలులో ఉన్నాయి. కట్టెలు పునరుత్పాదక ఇంధనమన్న మాట నిజమే. కానీ ఇళ్లు దగ్గరగా ఉన్న చోట చలికాలపు రాత్రి గాలిని పాడుచేసే వాటిలో కట్టెల పొగ ముఖ్యమైనదన్నదీ అంతే నిజం.

తనిఖీ

ఎన్.ఎఫ్.పి.ఏ. 211 ఏటా ఒక తనిఖీని సూచిస్తుంది, తనిఖీలను మూడు స్థాయిలుగా విభజిస్తుంది. మార్పేమీ లేకుండా వాడుతున్న చిమ్నీకి మొదటి స్థాయి చాలు. ఇంధనం లేదా పరికరం మారినా, ఇల్లు చేతులు మారినా, చిమ్నీ మంట వచ్చినా రెండో స్థాయి కావాలి. ఇందులో కెమెరాను పొగదారి పొడవునా దింపి ప్రతి అతుకునూ చూస్తారు. గోడ పగలగొడితే తప్ప కనిపించని లోపాలకు మూడో స్థాయి. పూత 3 మిల్లీమీటర్ల మందం చేరిందంటే గీకించాల్సిందే.

తెలుగు నేలతో సంబంధం

గోదావరి, కృష్ణా తీరాల వాతావరణానికి గది వేడి అవసరం లేదు. ఇక్కడి పొగ సమస్య వంటింటిది. చిమ్నీ లేని కట్టెల పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్ల కళ్లు, ఊపిరితిత్తులు తరతరాలుగా దెబ్బతిన్నాయి. ఆ విషయంలో హైదరాబాద్‌కు గౌరవనీయమైన స్థానముంది. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనశాలకు చెందిన ఎస్.పి. రాజు మట్టితో కట్టుకోగల, చిమ్నీ ఉన్న పొగలేని పొయ్యిని రూపొందించి, 1953లో దాని గురించి ఇంగ్లిషులో పుస్తకం ప్రచురించారు. 1980లలో కేంద్రం చేపట్టిన మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం పొగలేని పొయ్యిలను దేశమంతటా పల్లెలకు చేర్చింది. 2002లో అది ముగిసింది. చిమ్నీ ఉన్న పొయ్యిల్లో చాలా వాటికి లోపం డిజైనులో కాక నిర్వహణలో వచ్చింది. గొట్టం మసితో పూడుకుపోయినా గీకేవారు లేకపోవడంతో పొగ మళ్లీ వంటింట్లోకే వచ్చింది. స్నానాల నీళ్లు కాచే రాగి బాయిలరు కూడా చిమ్నీ లాగుడు సూత్రం మీదే నడిచేది. నడుమ నిలువు గొట్టంలో నిప్పు, దాని చుట్టూ నీళ్లు. పొగ నేరుగా పై నోటి నుంచి పోతుంది కనుక దాన్ని పెరట్లోనో వసారాలోనో వాడేవారు.

అమెరికాలో మసాచుసెట్స్, కనెక్టికట్, న్యూజెర్సీల్లో పాత ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు ఇన్సర్టు, బాయిలరు కొత్త విషయాలు. కొనుగోలుకు ముందు జరిగే మామూలు ఇంటి తనిఖీలో సాధారణంగా చిమ్నీ లోపల కెమెరా దించరు. రెండో స్థాయి తనిఖీని విడిగా అడగాలి. నేలమాళిగలో బాయిలరు గొట్టం చేరే చోట, హాల్లో నిప్పుగూటి గొంతు దగ్గర, కప్పు మీద నోళ్ల సంఖ్య మూడూ సరిపోలాలి. కింద రెండు పరికరాలుండి పైన ఒకే నోరు కనిపిస్తే, బాయిలరు పొగ పక్క గోడ నుంచి పోతోందో లేక రెండూ ఒకే దారిలో కలిశాయో తేలేవరకు ఇన్సర్టులో మంట వేయకూడదు.